ఆందోళనకు మందు మొదలుపెడుతున్నారా? తొలి వారాల్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆందోళనతో బాధపడే మనిషి తన శరీరాన్ని నిరంతరం కనిపెట్టి చూసుకుంటూనే ఉంటాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకున్నా, అరచేతులు చెమర్చినా, కడుపులో తిప్పినట్టున్నా ఏదో ముంచుకొస్తోందని భయపడతాడు. చిక్కేమిటంటే, ఆ భయాన్ని తగ్గించడానికి ఇచ్చే మందు కూడా మొదటి రోజుల్లో సరిగ్గా ఇవే లక్షణాలను కలిగించవచ్చు. అందుకే మందు పని మొదలుపెట్టకముందే "ఇది నాకు పడలేదు" అని మానేసేవారు ఉంటారు. మొదటి మాత్ర మింగకముందే కొంత సిద్ధపడి ఉంటే ఈ పొరపాటును చాలావరకు తప్పించుకోవచ్చు.

దీర్ఘకాలిక ఆందోళనకు డాక్టర్లు సాధారణంగా మొదట రాసేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వర్గానికి చెందిన ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు. ఇవి నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం అక్కడ ఎక్కువసేపు నిలిచి ఉండేలా చేస్తాయి. అయితే శరీరంలోని సెరటోనిన్‌లో అధికభాగం ఉండేది మెదడులో కాదు, జీర్ణవ్యవస్థలో. కాబట్టి మందు వేసుకోగానే వికారం, విరేచనాలు, ఆకలి మందగించడం కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. తలనొప్పి, చెమటలు, ఆవలింతలు, చేతులు సన్నగా వణకడం, నిద్ర పట్టకపోవడం లేదా రోజంతా మగతగా ఉండడం కూడా సాధారణమే. ఇవి మొదటి రోజుల్లోనే మొదలై, ఎక్కువమందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. మేలు మాత్రం ఆలస్యంగా, రెండు నుంచి ఆరు వారాల మధ్య తెలియడం మొదలవుతుంది. పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. కష్టం ముందు, ఫలితం తర్వాత అనే ఈ వరుసను మొదటి రోజునుంచే మనసులో ఉంచుకోవాలి.

ఈ కారణంగానే ఆందోళన ఉన్నవారికి చాలాసార్లు తక్కువ మోతాదుతో, ఉదాహరణకు ఎస్సిటలోప్రామ్ అయితే 5 మిల్లీగ్రాములతో, సెర్ట్రలిన్ అయితే 25 మిల్లీగ్రాములతో ప్రారంభించి క్రమంగా పెంచుతారు. మీకు ఎంత మోతాదు సరిపోతుందో నిర్ణయించవలసింది మీ డాక్టరే. త్వరగా తగ్గాలన్న ఆత్రంతో సొంతంగా పెంచుకుంటే, తగ్గవలసిన దడ కాస్తా పెరిగి కూర్చుంటుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ఉపయోగపడే జాగ్రత్త ఖర్చులేనిది. మందు మొదలుపెట్టడానికి నాలుగైదు రోజుల ముందునుంచే మీ శరీరంలో ఇప్పటికే ఉన్న ఇబ్బందులను, అంటే దడ ఎన్నిసార్లు వస్తోంది, నిద్ర ఎన్ని గంటలు పడుతోంది, కడుపు ఎలా ఉంది, తలనొప్పి ఉందా అన్న వివరాలను ఒక కాగితం మీద రాసుకోండి. మందు మొదలయ్యాక కూడా అలాగే రాస్తూ వెళ్తే, కొత్తగా వచ్చినదేదో, పాతదే కొనసాగుతున్నదేదో స్పష్టంగా తెలుస్తుంది. మందు వల్లే వచ్చిందని గట్టిగా నమ్మిన తలనొప్పి ముందు వారం కాగితంలోనూ కనిపించడం అరుదేమీ కాదు. కానీ రోజుకు ఒక్కసారే, సాయంత్రం పూట మాత్రమే రాయండి. గంటగంటకూ నాడి పట్టుకుని చూసుకుంటూ రాస్తే, ఆ కాగితమే మరో ఆందోళనగా మారుతుంది. మందుతో వచ్చే కరపత్రం విషయంలోనూ అంతే: దాన్ని ఒకసారి చదివి, సందేహాలను డాక్టరును అడిగి, మడిచి పెట్టేయడం మంచిది.

డాక్టరుకు ముందే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మీరు వాడుతున్న ప్రతి మందునూ, మూలికలతో సహా, చెప్పండి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ వంటివి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో కలిస్తే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మీకుగానీ, కుటుంబంలో ఎవరికైనాగానీ బైపోలార్ జబ్బు (మితిమీరిన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉంటే తప్పకుండా తెలియజేయాలి, ఎందుకంటే ఈ మందులు అలాంటివారిలో ఉన్మాద స్థితిని రేకెత్తించవచ్చు. గర్భం, గుండె లయ సమస్యలు, మూర్ఛ ఉన్నా చెప్పాలి.

ఇక రోజువారీ ఇబ్బందుల సంగతి. వికారంగా ఉంటే మాత్రను ఆహారంతో పాటు వేసుకుని, ఒకేసారి కడుపునిండా తినకుండా కొద్దికొద్దిగా తినండి. నిద్ర చెడిపోతే మాత్రను ఉదయానికి, మగతగా ఉంటే రాత్రికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి. కాఫీ, టీ తగ్గిస్తే వణుకు, దడ కొంత తేలికపడతాయి. మద్యం మానేయడమే ఉత్తమం. మందు మీపై ఎలా పనిచేస్తుందో తెలిసేవరకు వాహనం నడపకండి. లైంగిక వాంఛ తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం వంటివి మిగతావాటిలా వాటంతటవే పోకపోవచ్చు. చెప్పడానికి సిగ్గుపడి ఎంతోమంది మౌనంగా మందు మానేస్తారు గానీ, మోతాదును లేదా మందును మార్చే దారి ఉంటుంది కాబట్టి దీన్ని దాచకూడదు.

తొలి వారాలు గట్టెక్కడానికి కొందరికి క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులను కొద్దికాలానికి జోడిస్తారు. ఇవి వెంటనే ఊరటనిస్తాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంది. కొన్ని వారాలకు మించితే అలవాటు పడే అవకాశం ఉండడంతో పాటు, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. మద్యంతోగానీ, మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులతోగానీ కలిస్తే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఎన్ని రోజులు వాడాలో, ఎలా తగ్గించాలో మొదటిరోజే అడిగి రాసుకోండి.

ఇంట్లో ఒకరికైనా మీరు మందు మొదలుపెట్టిన సంగతి తెలిసి ఉండాలి. పిల్లల్లో, కౌమారుల్లో ఈ రకం మందులు ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పెట్టించిన హెచ్చరికను 2007లో 24 ఏళ్ల వయసు వరకు విస్తరించింది. మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ ఈ జాగరూకత మరింత అవసరం. చనిపోవాలన్న ఆలోచనలు, మునుపెన్నడూ లేని అశాంతి, నిద్ర అవసరమే లేనట్టు ఉరకలు వేసే ఉత్సాహం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. తనకు తాను హాని చేసుకునే సూచన ఉంటే ఆ మనిషిని ఒంటరిగా వదలక, వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. తీవ్రమైన జ్వరం, కండరాలు బిగుసుకుని అదరడం, అయోమయం కలిసి వచ్చినా, ముఖం వాచి ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకూడదు. పెద్ద వయసువారిలో, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడేవారిలో, రక్తంలో సోడియం పడిపోయి అయోమయం, తూలుడు రావచ్చు. దాన్ని వయసు ప్రభావమని సరిపెట్టుకోకండి.

ఒకపూట మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. ఇబ్బంది భరించలేనంతగా ఉన్నా సొంతంగా ఆపకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. మోతాదును సగానికి తగ్గించడం, పెంచే వేగాన్ని నెమ్మదింపజేయడం, వేరే మందుకు మార్చడం అన్నీ ఆయన చేతిలో ఉన్న మార్గాలే. కొన్ని వారాలు వాడాక హఠాత్తుగా మానేస్తే తలతిరుగుడు, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండే జిల్లు మొదలవవచ్చు. వాటిని చూసి జబ్బే తిరగబెట్టిందని బెంబేలెత్తేవారూ ఉన్నారు. రెండు వారాల తర్వాత డాక్టరును కలిసే తేదీని మొదటి మాత్ర వేసుకోకముందే ఖాయం చేసుకుని, ఆ రోజు మీరు రాసిన కాగితాన్ని వెంట తీసుకెళ్లండి.