పాత సినిమాకు కొత్త నటులను ఎంచుకోవడం ఎలా? ‘మిస్సమ్మ’తో చేసి చూద్దాం

ఇంటిల్లిపాదీ కూర్చుని పాత సినిమా చూస్తుంటే ఎవరో ఒకరు అననే అంటారు: “ఇప్పుడు తీస్తే ఈ వేషం ఎవరు వేస్తారంటావ్?” ఆ ప్రశ్నను కబుర్లతో వదిలేయకుండా కాస్త పద్ధతిగా పట్టుకుంటే, పదిసార్లు చూసిన సినిమా కూడా కొత్తగా అర్థమవుతుంది. నాకు ప్రాణమైన ‘మిస్సమ్మ’ (1955)తో ఎలా చేయాలో చెప్తాను. ఈ సినిమానే తీసుకోవడానికి కారణం ఉంది. అసలు దీని షూటింగ్‌లోనే నటులు మారారు. కథానాయిక మేరీగా మొదట భానుమతితో కొన్ని రీళ్లు తీశారు. నిర్మాత చక్రపాణితో మాట తేడా వచ్చి ఆవిడ తప్పుకున్నారు. అప్పుడు జమీందారు కూతురు సీత వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయ్యారు, సీత వేషం జమునకు వెళ్లింది.

ముందు కాగితం, పెన్ను

సినిమా మొత్తం మళ్లీ చూడండి. జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. మనకు గుర్తుండేది నటుల ముఖాలే, పాత్రలు కాదు. చూస్తూ ఒక్కో పాత్రకు ఒక్క వాక్యం రాయండి. అందులో నటుడి పేరు గానీ రూపం గానీ రాకూడదు. కథలో ఆ పాత్ర ఏం చేస్తుందో అంతే.

నా కాగితం మీద ఇలా ఉంది. మేరీ: ఇంటి అప్పు కోసం ఉత్తుత్తి కాపురానికి ఒప్పుకుని, ఆ అబద్ధాన్ని భరించలేక గడియకోసారి చిటపటలాడే అమ్మాయి. ఎం.టి. రావు: ఆ చిటపటలను ఓపిగ్గా కాచుకుంటూ, ఊళ్లోవాళ్ల ముందు కాపురం నిజమేనని నమ్మించాల్సినవాడు. డేవిడ్: అప్పును అడ్డం పెట్టుకుని పెళ్లికి వెంటబడేవాడు.

వయసు లెక్క పక్కన పెట్టండి

జమీందారు గోపాలంగా వేసిన ఎస్వీ రంగారావుకు అప్పటికి 36 ఏళ్లు. రావుగా వేసి, ఆయనకు అల్లుడిగా కుదరబోయే ఎన్టీఆర్‌కు 31. ఇద్దరి మధ్య ఐదేళ్లే తేడా! అయినా ఆయన్ని తెర మీద చూస్తే తప్పిపోయిన కూతురి కోసం తపించే పెద్దమనిషే కనిపిస్తాడు. కాబట్టి పుట్టిన తేదీ చూసి ఎవరినీ కొట్టేయకండి.

జంటను కలిపి ఎంచండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. హీరోకు ఒక పేరు, హీరోయిన్‌కు ఒక పేరు విడివిడిగా రాసేస్తారు. ‘మిస్సమ్మ’ నడిచేదే ఇద్దరి గిల్లికజ్జాల మీద. ఒకరు ఎగిరిపడుతుంటే ఇంకొకరు తగ్గాలి. అందుకే మేరీని ముందు ఖాయం చేసి, ఆమె కోపానికి ఎదురుగా నిలబడగలిగేది ఎవరా అని వెతకాలి.

నేను నిత్యామీనన్ పేరు రాశాను. తెలుగులో సొంత గొంతుతో మాట్లాడుతుంది, పాడుతుంది. కోపంలోనూ చిన్నపిల్ల బెదురు చూపించగలదు. ఎదురుగా నాని. విసుక్కోకుండా మాట పడి, కళ్లతోనే జవాబు చెప్పే గుణం అతనిలో ఉంది.

పేర్లు రాశాక కళ్లు మూసుకుని ఆ ఇద్దరి గొంతులను ఊహించుకోండి. ఈ సినిమాకు ఇది మరీ ముఖ్యం. ఎన్టీఆర్‌కు ఘంటసాల కాకుండా ఏ.ఎం. రాజా పాడారు. ‘రావోయి చందమామ’ వింటే ఆ మెత్తని గొంతు రావు స్వభావానికి ఎంత అతికిందో తెలుస్తుంది. మీరు రాసిన నటుడి మాటకు ఆ పాట అతుకుతుందా? అతకకపోతే పేరు కొట్టేయండి.

ఒక పాత్రకైనా ఎవరూ ఊహించని మనిషిని పెట్టండి

‘దేవదాసు’ తర్వాత ఏఎన్నార్ అంటే విషాదమే అన్న ముద్ర పడింది. దాన్ని చెరుపుకోవడానికే ఆయన ఇందులో డిటెక్టివ్ రాజుగా హాస్యం చేశారు. అందుకని ఆ వేషానికి తేలిగ్గా గుర్తొచ్చే హాస్యనటుడిని కాకుండా, గంభీరమైన వేషాలు వేసే సత్యదేవ్‌ను రాశాను. జమీందారుకు రావు రమేశ్, డేవిడ్‌కు రాహుల్ రామకృష్ణ. వీటికి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు.

వేరే భాషలో ఎవరు వేశారో చూడండి

జాబితా పూర్తయ్యాకే ఇది చేయండి, ముందే చూస్తే మనసు అటే లాగుతుంది. తమిళ ‘మిస్సియమ్మ’లో రావు పాత్ర జెమినీ గణేశన్‌ది, రాజు పాత్ర తంగవేలుది. హిందీ ‘మిస్ మేరీ’ (1957)లో మీనాకుమారి, జెమినీ గణేశన్ జంట. రాజు పాత్ర కిశోర్ కుమార్ వేశారు. రెండు భాషల్లోనూ రాజు వేషం నవ్వించేవాళ్లకే వెళ్లిందని గమనించాక సత్యదేవ్ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. జమున మాత్రం మూడింటిలోనూ ఉన్నారు.

చివరగా చదివి చూడండి

ఏదైనా ఒక సన్నివేశంలోని మాటలు రాసుకుని, ఇంట్లో ఇద్దరు పైకి చదవండి. మీరు ఎంచిన నటుల తీరులో చదవాలి. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. రాత్రి బాగుందనిపించిన పేరు పొద్దున బాగుండకపోవచ్చు. అప్పుడు మార్చుకోండి.

మా ఇంట్లో ఇప్పటికి మూడుసార్లు మార్చాం. రేలంగి వేసిన దేవయ్య పాత్ర ఎదురుగా మాత్రం ఇంకా ఏ పేరూ రాయలేదు.