రిసీవర్ టక్కున ఆగిపోతోందా? ముందు స్పీకర్‌ని వెనక్కి తిప్పి చూడండి

నా మొదటి హోమ్ థియేటర్ రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్ డబ్బా) సరిగ్గా ఫైట్ సీన్ వచ్చినప్పుడే ఆగిపోయేది. మాటలు నడిచినంతసేపూ ఏ గొడవా లేదు, పాటలకీ పర్వాలేదు, హీరో చెయ్యెత్తాడో లేదో లోపల రిలే టక్కుమనేది, డిస్‌ప్లే ఆరిపోయేది, ముందున్న చిన్న లైటు ఎర్రగా మిణుకుమిణుకుమనేది. షాపుకి మోసుకెళ్తే వాళ్ల స్పీకర్లకి తగిలించి గంటసేపు వాయించి "దీనికేం కాలేదండీ" అని తిరిగిచ్చేశారు. వాళ్లు చెప్పింది నిజమే. నేను దానికి పెట్టినవి పాత డీవీడీ హోమ్ థియేటర్ డబ్బా సెట్టులో వచ్చిన స్పీకర్లు, వాటి వెనక స్టిక్కర్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో 3 ఓమ్స్ అని ఉంది. రిసీవర్ వెనక టెర్మినల్స్ పక్కన 6 నుంచి 16 ఓమ్స్ అని ఉంది. అట్ట మీద వాట్లు ఎన్నో చూసి కొన్నానే గానీ ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

అప్పట్నుంచి తెలిసినవాళ్ల ఇళ్లలో "రిసీవర్ పాడైంది" అని పిలిచిన ప్రతిసారీ ముందు స్పీకర్లే చూస్తున్నాను. ఎక్కువసార్లు జబ్బు అక్కడే ఉంటోంది.

సమస్య: సౌండ్ పెంచితే ఆగిపోతోంది

ఓమ్స్ అంటే స్పీకరు కరెంటుకి చూపించే అడ్డు. అది తగ్గేకొద్దీ రిసీవర్ లోపలి ఆంప్ నుంచి లాగే కరెంటు పెరుగుతుంది. అదే వోల్టేజీ దగ్గర 8 ఓమ్స్ స్పీకరు లాగేదానికి 4 ఓమ్స్ స్పీకరు రెట్టింపు లాగుతుంది, 3 అయితే ఇంకా ఎక్కువ. స్టిక్కర్ మీద వేసే అంకె కూడా ఉరామరికగా వేసిందే, 8 అని రాసిన స్పీకరు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4 దాకా దిగొచ్చు. అందుకే మాటలప్పుడు బాగుండి, బేస్ దంచినప్పుడు రిసీవర్ తనని తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతుంది. దాన్ని తిట్టుకోవద్దు, అలా ఆగకపోతే లోపల ట్రాన్సిస్టర్లు కాలిపోయేవి.

స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే మల్టీమీటర్ పెట్టండి. రిసీవర్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, ఆ స్పీకర్ వైర్లు రెండూ రిసీవర్ నుంచి విప్పి, ఆ కొసల దగ్గర రెసిస్టెన్స్ చూడండి. 8 ఓమ్స్ స్పీకరు మీటర్లో సుమారు 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది 3, 3.5 దగ్గర ఉంటుంది. (లోపల కెపాసిటర్ ఉన్న చిన్న శాటిలైట్ స్పీకర్లలో రీడింగే రాకపోవచ్చు, కంగారు పడకండి.) ఒకటి కంటే తక్కువ చూపిస్తే అది స్పీకర్ సంగతి కాదు, దారిలో ఎక్కడో వైర్లు కలిసిపోయాయి. ఒకరింట్లో ఇలాగే ఒక సరౌండ్ వైరు 0.3 చూపించింది. గోడలో పైపులోంచి పోయే వైరు అది, కర్టెన్ రాడ్డుకి డ్రిల్లు వేసినవాళ్లు సరిగ్గా దాని మీదే వేశారు. అంతకంటే మామూలుగా జరిగేది టెర్మినల్ దగ్గర. వైరు చివర తొక్క ఎక్కువ తీసేస్తారు, రాగి పోగుల్లో వెంట్రుకంత ఒక్క పోగు పక్కకి వంగి నలుపు టెర్మినల్‌కి తగులుతుంది, కంటికి కనపడదు. సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. ఒక సెంటీమీటర్ మించి తొక్క తీయకుండా, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి దూర్చండి, లేదా బనానా ప్లగ్గులు (వైరు చివర తొడిగే పిన్నులు) కొని పెట్టుకుంటే ఆ బాధే ఉండదు.

తక్కువ ఓమ్స్, కలిసిపోయిన వైర్లు కాక మూడో కారణం, డైనింగ్ హాల్లో కూడా పాటలు రావాలని ముందు స్పీకర్ల టెర్మినల్‌కే ఇంకో జత కలిపేస్తారు. 8, 8 ప్యారలల్‌గా కలిస్తే 4. రెండు జతలూ 6 అయితే 3. స్టిక్కర్లన్నీ చక్కగానే ఉంటాయి, రిసీవర్ మాత్రం ఆగిపోతూనే ఉంటుంది. జోన్ 2 (ఇంకో గదికి విడిగా సౌండ్ పంపే ఏర్పాటు) ఉన్న రిసీవర్ తీసుకోవడమో, డైనింగ్‌కి వేరే చిన్న ఆంప్ పెట్టుకోవడమో చెయ్యాలి.

పరిష్కారం స్పీకర్లని బట్టి ఉంటుంది. డబ్బా సెట్టు స్పీకర్లయితే వాటిని ఆ డబ్బాతోనే ఉంచండి, ఆ డబ్బా వాటికోసమే చేసింది, కొత్త రిసీవర్‌కి ముడిపెట్టొద్దు. మంచి 4 ఓమ్స్ టవర్ స్పీకర్లుంటే, 4 ఓమ్స్ దగ్గర ఎన్ని వాట్లో కంపెనీ కాగితం మీద స్పష్టంగా రాసిన రిసీవర్ వెతకండి, లేదా ప్రీ-ఔట్లు (బయటి ఆంప్‌కి సిగ్నల్ పంపే రంధ్రాలు) ఉన్నది తీసుకుని ముందు రెండు స్పీకర్లకి వేరే స్టీరియో పవర్ ఆంప్ పెట్టండి. మెనూలో స్పీకర్ ఇంపీడెన్స్ (అదే, ఓమ్స్) సెట్టింగ్ ఉంటుంది కదా, అది 4కో 6కో మారిస్తే అయిపోతుంది అనుకుంటారు. దానివల్ల రిసీవర్‌కి కొత్తగా బలం రాదు, వేడి పెరగకుండా లోపలి వోల్టేజీ తగ్గించుకుంటుంది, దాంతో పవరూ తగ్గుతుంది. 8 ఓమ్స్ స్పీకర్లుంటే దాని జోలికే వెళ్లకండి.

ఇక ఎండాకాలంలో మాత్రమే ఆగిపోతుంటే అద్దాల తలుపులున్న టీవీ యూనిట్‌ని అనుమానించండి. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో గది ఎంత కాగుతుందో తెలిసిందే, ఆ పైన రిసీవర్‌ని పెట్టెలో పెట్టి, దాని నెత్తిన సెట్ టాప్ బాక్స్ పెడితే పాపం అదేం చేస్తుంది. పైన కనీసం జానెడు ఖాళీ వదలండి, సినిమా చూసేటప్పుడు తలుపు తెరిచి పెట్టండి.

సమస్య: ఎంత పెంచినా సౌండ్ చాలట్లేదు, లేదా పెంచితే గరగర

ఇక్కడే అందరూ ఎక్కువ వాట్ల రిసీవర్ కొనడానికి పరిగెడతారు. కాస్త ఆగండి.

ఒకప్పుడు మన ఊళ్ల షాపుల్లో టేప్ రికార్డర్ల మీద 2000 వాట్స్ పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠ పవర్ అని వేసే అంకె) అని స్టిక్కర్లు ఉండేవి గుర్తుందా, అవి ఎంత నిజమో మనకి తెలుసు. రిసీవర్ అట్టల మీద అంకెలు అంత ఘోరం కాదు గానీ అవీ ఆ జాతివే. అట్ట మీద 135 వాట్లు అని ఉంటుంది, మాన్యువల్ చివరి పేజీ చూస్తే అది 6 ఓమ్స్ దగ్గర, ఒకే ఒక్క ఛానెల్ (అంటే ఒక్క స్పీకరు) మోగుతుంటే, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో కొలిచింది. పది శాతం అంటే చెవికి తెలిసిపోయే గరగర. అదే పేజీలో పైనో కిందో రెండు ఛానెళ్లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.1 శాతం లోపు డిస్టార్షన్ అన్న లైను దొరుకుతుంది, అక్కడ 70 ఉంటుంది. మీకు కావాల్సింది ఆ లైను. అయిదు స్పీకర్లూ ఒకేసారి మోగితే ఒక్కోదానికి అంత కూడా రాదు.

ఇప్పుడు స్పీకర్ సెన్సిటివిటీ చూడండి. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చెప్పే అంకె అది. 86 డీబీ ఉన్న చిన్న స్పీకర్లనుకోండి, మీరు కూర్చునేది పదడుగుల దూరం. అంత దూరానికి సుమారు 9.5 డీబీ తగ్గి, ఒక వాట్‌కి 76.5 మిగులుతుంది. ఆటో సెటప్ (రిసీవర్ మైకుతో స్పీకర్లని కొలిచి తనే సర్దుకోవడం) చేశాక రిసీవర్లో వాల్యూమ్ 0 అంటే సినిమా హాల్ లెవెల్, అంటే ఒక్కో స్పీకర్ నుంచి గట్టి చప్పుళ్లు 105 డీబీ దాకా రావాలి. ఇళ్లలో చాలామంది మైనస్ 20 దగ్గర చూస్తారు, అక్కడ అవే చప్పుళ్లు 85 డీబీ. దానికి కావాల్సింది 7 వాట్లు. మైనస్ 10కి పెంచితే 70. సున్నా దగ్గరికి వెళ్తే 700. ప్రతి 10 డీబీకీ పదింతలు. గోడలకి తగిలి తిరిగొచ్చే సౌండ్ కలుస్తుంది కాబట్టి నిజంగా ఇంతకంటే కొంత తక్కువే పడుతుంది, కానీ లెక్క పోకడ ఇదే.

ఇప్పుడు 100 వాట్ల రిసీవర్ తీసేసి 120 వాట్లది కొన్నారనుకోండి, తేడా 0.8 డీబీ. ఇరవై, పాతిక వేలు పోసి, పట్టి పట్టి విన్నా తెలియని తేడా కొన్నట్టు. అదే డబ్బుతో 86 బదులు 92 డీబీ స్పీకర్లు తెచ్చుకుంటే పైన చెప్పిన 700 కాస్తా 175కి దిగుతుంది. సోఫా రెండడుగులు ముందుకి జరపడం ఇంకా చవక.

పెంచితే గరగరలాడటం అంటే ఆంప్ పై అంచుకి చేరిపోయిందని, క్లిప్ అవుతోందని అర్థం. ట్వీటర్లు (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) ఎక్కువగా కాలిపోయేది ఇలాంటప్పుడే. "స్పీకర్ 150 వాట్లది, రిసీవర్ 70ది, ఇంకేం భయం" అని ధీమాగా గరగరలోనే అరగంట నడిపితే ట్వీటర్ పోతుంది. గరగర వినపడగానే తగ్గించండి, అంతే.

సమస్య: సబ్ వూఫర్ మోగట్లేదు, బేస్ పలచగా ఉంది

డబ్బా సెట్టు సబ్ వూఫర్‌కి వెనక కరెంటు ప్లగ్గు ఉందో లేదో చూడండి. లేకపోతే అది పాసివ్, దానికి కావాల్సిన ఆంప్ ఆ పాత డబ్బాలో ఉండిపోయింది. రిసీవర్ మీద సబ్ వూఫర్ అని ఉండే ఒక్క రంధ్రం నుంచి సన్నని సిగ్నల్ మాత్రమే వస్తుంది, దాంతో పాసివ్ సబ్ కదలదు. చాలామంది పిన్ను కత్తిరించి వైర్లు చుట్టి ప్రయత్నిస్తారు, నేనూ చుట్టాను, దోమ మూలిగినట్టు కూడా రాలేదు. ప్లగ్గు ఉన్న యాక్టివ్ సబ్ కొనాలి, లేదా ఆ పాసివ్‌కి వేరే సబ్ ఆంప్ పెట్టాలి.

యాక్టివ్ సబ్ ఉండీ బేస్ పలచగా ఉంటే సెటప్ మెనూలోకి వెళ్లండి. ఆటో సెటప్ ముందు స్పీకర్లని లార్జ్ అని వేసేసి ఉంటుంది చాలాసార్లు. దాన్ని స్మాల్ చేసి క్రాసోవర్ (ఏ అంకె కింది బేస్ సబ్‌కి పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. స్మాల్ అన్నంత మాత్రాన మీ టవర్లకి అవమానమేమీ లేదు, కింది బేస్ సబ్‌కి పంపమని చెప్పడం, అంతే. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, కరెంటు ఎక్కువ తినేది ఆ బేసే కాబట్టి అది సబ్‌లో ఉన్న ఆంప్ మీదకి పోయి రిసీవర్ ఊపిరి పీల్చుకుంటుంది, ఫైట్ సీన్లో ఆగిపోయే జబ్బు కొందరికి దీంతోనే తగ్గుతుంది. మూడంగుళాల బుల్లి స్పీకర్లకి మాత్రం 80 కుదరదు, 120 నుంచి 150 దాకా పెంచాలి, లేకపోతే మధ్యలో ఒక గుంట పడి మగగొంతులు ముక్కుతో మాట్లాడినట్టుంటాయి.

సమస్య: డైలాగులు వినపడవు, పాటలు అదరగొడతాయి

సగం సార్లు ఇది సెంటర్ స్పీకర్ షెల్ఫులో బాగా లోపలికి పోయి ఉండటం వల్ల. షెల్ఫు అంచు దాకా లాగి, ముందు భాగం కొంచెం పైకెత్తండి, మీ చెవుల వైపు చూడాలి. ముందు రెండూ ఒక కంపెనీవి, సెంటర్ ఇంకో కంపెనీది, దాని సెన్సిటివిటీ 4, 5 డీబీ తక్కువ అయితే ఆటో సెటప్ లెవెల్ సరిచేస్తుంది గానీ గొంతు రంగు మార్చలేదు, కారు ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే మధ్యలో వేరే కారయిపోతుంది. ముందు మూడూ ఒకే సిరీస్‌వి కొనండి, వెనకవి ఏవైనా పర్వాలేదు. ఇంకో సంగతి, టీవీ నుంచి ఆర్క్ (హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే టీవీ సౌండ్ రిసీవర్‌కి వెనక్కి రావడం) ద్వారా సౌండ్ తీసుకుంటుంటే టీవీ ఆడియో సెట్టింగ్ పీసీఎంలో ఉంటే రెండు ఛానెళ్లే వస్తాయి, ఆటో లేదా పాస్ త్రూ చెయ్యండి.

సమస్య: అమెరికా నుంచి వచ్చిన రిసీవర్ పొగ వేసింది

ఇది మన ఇళ్లలోనే ఎక్కువ. అక్కడ డిస్కౌంట్‌లో సగం ధరకి దొరికిందని తమ్ముడో బావగారో సూట్‌కేసులో పెట్టుకొస్తారు, మనం అడాప్టర్ పిన్ను పెట్టి గోడకి గుచ్చుతాం, అయిపోయింది. వెనక ప్లేటు మీద 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ అని ఒక్కటే ఉంటే మన 230కి నేరుగా పెట్టకూడదు. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. బరువైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ప్లేటు మీద 500 వాట్లుంటే కనీసం 1000 వీఏ సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ మన 50 హెర్ట్జ్‌ని 60 చెయ్యలేదు, కాబట్టి రిసీవర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అక్కడికంటే కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. చాలా మోడళ్లలో ఎఫ్ఎం కూడా 98.3 లాంటి బేసి అంకెల మీదే ఆగుతుంది, .4, .8 స్టేషన్లు పట్టవు. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, ఇక్కడ వారంటీ లేకపోవడం కలిపి చూస్తే ఆ సగం ధర నాకైతే లాభంగా అనిపించలేదు.

ఇంకా కొనకపోతే

షాపుకి వెళ్లే ముందు మూడు ఫొటోలు తీసుకోండి: ముందు స్పీకర్ వెనక స్టిక్కర్, సెంటర్ వెనక స్టిక్కర్, సబ్ వెనక భాగం. సోఫా నుంచి టీవీ దాకా టేపు పెట్టి కొలిచి అంకె రాసుకోండి. పైన సీలింగ్‌లో రెండు అట్మాస్ స్పీకర్లు (నెత్తి మీద నుంచి సౌండ్ ఇచ్చేవి) పెట్టాలనుంటే 5.1 రిసీవర్ (అయిదు స్పీకర్లు, ఒక సబ్) సరిపోదు, 5.1.2కి ఏడు ఛానెళ్ల ఆంప్ ఉన్నది కావాలి, ఇది ముందే తేల్చుకోండి. షాపులో అట్టని పక్కన పెట్టమని, మాన్యువల్ చివరి పేజీ చూపించమనండి. ఒకే ధరలో రెండు మోడళ్ల మధ్య ఊగుతుంటే రెండూ ఎత్తి చూడండి, నేనైతే బరువున్నదే తీసుకుంటాను, ఆ బరువులో ఎక్కువ భాగం ట్రాన్స్‌ఫార్మర్, హీట్ సింకులదే.