ఇంట్లో జరిగిన పాత హత్య గురించి తెలుసుకోవాలంటే

మా తాతను చంపింది ఆయన సొంత తమ్ముడే. 1951లో, గట్టు తగాదాలో. మా నాన్న తరం దీని మీద నోరు విప్పలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటిదేదైనా ఉంటే, పెద్దవాళ్లను హత్య గురించి అడగకండి. పెళ్లిళ్ల గురించి అడగండి. "నీ పెళ్లికి చిన్నతాత వాళ్లు వచ్చారా అత్తయ్యా?" అన్నాను, మా మేనత్త మొత్తం చెప్పుకొచ్చింది. శుభలేఖ తీసుకెళ్తే గుమ్మంలోంచే తిప్పి పంపారట. గొడవ ఎలా మొదలైందో మగవాళ్లు చెప్తారు. ఎవరి చదువు ఆగిందో, ఎవరి సంబంధం తప్పిపోయిందో ఆడవాళ్లకే తెలుసు.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పొలం ఈసీ (ఆ పొలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) తీయించండి. 1983కు ముందువి ఆన్‌లైన్‌లో రావు, పాత పుస్తకాల్లో వెతికించాలి. హత్య తర్వాత రెండు మూడేళ్ల అమ్మకాలు చూసి దస్తావేజుల నకళ్లు తీసుకోండి. మా నాయనమ్మ "మైనర్ల సంరక్షకురాలు"గా వేలిముద్ర వేసి ఎకరం అమ్మింది, పిల్లల తిండికి. అదే ఏడాది చిన్నతాత భార్య కూడా ప్లీడరు ఫీజు కోసం పొలం అమ్మింది. ఈ సంగతి రెండిళ్లలో ఎవరికీ తెలియదు.

కోర్టు కాగితాల మీద మరీ ఆశ పెట్టుకోకండి. కింది కోర్టుల పాత ఫైళ్లు చాలావరకు ఉండవు. ఉరిశిక్ష పడితే హైకోర్టు ఖరారు చేయాలి కాబట్టి అక్కడ వెతకండి. కోస్తా, సీమ కేసులైతే 1954 దాకా మద్రాసు, తర్వాత గుంటూరు, 1956 నుంచి 2018 దాకా హైదరాబాద్. తీర్పు దొరికితే శిక్ష ఒక్కటే చూసి వదిలేయకండి, సాక్షులు ఏం చెప్పారో చదవండి. 1937లో పూరీలో రైలు డబ్బాలో, ట్రంకు పెట్టెలో శవం దొరికిన కేసే చూడండి, అందులో ముద్దాయి పాకాల నారాయణస్వామి. చనిపోయినాయన పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతుగా చేసినవాడు. బాకీ తీసుకోవడానికి బరంపురం రమ్మన్నారని వెళ్లేముందు భార్యకు చెప్పాడు. 1939లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) శిక్ష కొట్టేసింది గానీ, ఆవిడ చెప్పిన ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందంది. ఆ ఒక్క ముక్క కోసమైనా తీర్పు చదవాలి.

దొరికినవాటిని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అవతలి ఇంట్లో మీ ఈడువాళ్లెవరైనా ఉంటే ముందు వాళ్లను కలవండి. తీర్పు కాపీ ఇంట్లోనే ఉంచి, రెండు దస్తావేజుల నకళ్లు మాత్రం తీసుకెళ్లండి.