ఉద్యోగానికి ఎంపికయ్యాక అటెస్టేషన్ ఫారం ఎలా నింపాలి?

రాతపరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ గట్టెక్కిన మా పర్లాకిమిడి (ఆంధ్రా సరిహద్దులోని ఒడిశా ఊరు) పిల్లలు చివరికి పోలీసు వెరిఫికేషన్ కోసం సొంత వివరాలు రాసిచ్చే నాలుగు పేజీల అటెస్టేషన్ ఫారం దగ్గర ఉద్యోగం పోగొట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను.

పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు, నల్ల బాల్‌పెన్ను దగ్గర పెట్టుకోండి. నీలం సిరా వద్దు. ముందు జెరాక్సు మీద రాసి, తర్వాతే అసలు ఫారం ముట్టుకోవాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా సర్టిఫికెట్లో అది చివర ఉండొచ్చు. సర్టిఫికెట్లో ఎలా ఉంటే అలాగే దించండి. గత అయిదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చిరునామా రాయాలి. ఆంధ్రావైపు పాతపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి చదివితే అదీ రాయాలి.

ఇక అసలు చోటు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టులో కేసు నడిచిందా, జరిమానా పడిందా, యూనివర్సిటీ డిబార్ చేసిందా అని వరుసగా అడుగుతారు. మా వీధి కుర్రాడు వాటన్నిటికీ ఒకే ఊపులో 'నో' రాసేశాడు. జాతర గొడవలో వాడి మీద నది అవతల, ఆంధ్రావైపు, కేసు ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ అయింది కాబట్టి లేనట్టే అనుకున్నాడు. అడిగింది 'ఎప్పుడైనా' అని! రాజీ అయినా, నిర్దోషి అని తేలినా జవాబు 'అవును' అనే రాయాలి. వెరిఫికేషన్ రెండు రాష్ట్రాల పోలీసులకూ వెళ్లింది, కేసు బయటపడింది, ఉద్యోగం పోయింది. ఆ కొట్లాట చిన్నదే. దాచడమే పెద్దదైంది.

ఫారంలో కేసులు దాచడం మీదే 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడంలాంటి స్వల్ప కేసైతే, దాచినా అధికారి క్షమించవచ్చు. నిజం రాసినా పూర్వచరిత్ర చూసి వద్దనే అధికారం ఆయనకు ఉంటుంది. అయినా రాయండి. రాస్తే మీ కేసు ఎంతటిదో తూచి చూస్తారు, దాస్తే మీ నిజాయితీనే తూస్తారు. ఫారంలో అడగనిది మాత్రం రాయక్కర్లేదు, దాన్ని దాచినట్టు లెక్కించకూడదని అదే తీర్పులో ఉంది.

'చిన్న కేసేగా, వదిలెయ్' అనే నెట్ సెంటర్ సలహా వినకండి, ఫారం వాళ్ల చేతికే ఇవ్వకండి. సంతకం మీది. విడి కాగితం మీద ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషను, సెక్షన్లు, కోర్టు ఆ కేసుకు ఇచ్చిన నంబరు (మన ఒడిశా కోర్టులోదైతే జీఆర్ నంబరు, ఆంధ్రావైపుదైతే సీసీ నంబరు అంటారు), తీర్పు తేదీ రాసి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేయండి.

ఫారం ఇచ్చాక కొత్త కేసు పడితే వెంటనే స్పీడ్ పోస్టులో తెలపాలి. ఆ రసీదు, నింపిన ఫారం జెరాక్సు ఒకే కవరులో దాచుకోండి.