పాత గూఢచారి సీరియల్ ఎపిసోడ్‌ను సమీక్షించడం ఎలా?

1966 నుంచి 1973 దాకా అమెరికాలో సీబీఎస్ ప్రసారం చేసిన ‘మిషన్: ఇంపాజిబుల్’ ఎపిసోడ్ మీద రాయాలనుకుంటే, మొదటిసారి కాగితం, కలం పక్కన పెట్టి చూడండి. గూఢచారుల బృందం శత్రువు మీద పన్నే పన్నాగం మీ మీద కూడా పనిచేయాలి కదా! ఎక్కడ ఊపిరి బిగపట్టారో, ఎక్కడ విసుగొచ్చిందో పూర్తవగానే రాసుకోండి. ముగింపు తెలిశాక ఆ ఉత్కంఠ మళ్లీ దొరకదు.

రెండోసారి ఆపి ఆపి చూడాలి. మనకు ఏం చెప్పారు, ఏం దాచారు అన్నదే ఇప్పుడు వెతకవలసింది. బృంద నాయకుడికి టేపులో పని అప్పగిస్తారు, టేపు పొగైపోతుంది, తర్వాత బృందం అపార్ట్‌మెంట్‌లో చేరి పథకం మాట్లాడుకుంటుంది. ఈ సన్నివేశాన్ని చాలామంది సమీక్షకులు దాటేస్తారు. నేను మాత్రం ఇక్కడే ఎక్కువ సేపు ఆగుతాను. ఒక పరికరం పనిచేస్తోందని చూపిస్తారు, దాన్ని దేనికి వాడతారో చెప్పరు. ఆ దాచిన ముక్క చివర్లో సరిగ్గా అతికిందా? అతకకపోతే, కథ ఎక్కడ కేవలం అదృష్టం మీద నడిచిందో ఆ సన్నివేశాన్ని పేర్కొనండి. ‘లాజిక్ లేదు’ అని ఒక్క మాటలో తేల్చేయడం సమీక్ష కాదు.

నా దృష్టిలో ఎపిసోడ్ బలమంతా మోసపోయేవాడిలో ఉంటుంది. వాడు మందమతి అయితే బృందం గెలుపుకు విలువేముంది? మూడో సీజన్‌లోని ‘ది మైండ్ ఆఫ్ స్టెఫాన్ మిక్లోస్’ చూడండి. మిక్లోస్ శత్రుపక్షపు నిఘా అధికారి, అసాధారణ మేధావి. తప్పుడు సమాచారం నిజమని అతడిని నమ్మించాలి. ఎవరో చెబితే నమ్మే మనిషి కాదు. అందుకే అతడి తెలివికి మాత్రమే అందేటంత సన్నని ఆనవాళ్లు వదులుతారు. శత్రువు మీద ఇంత గౌరవంతో అల్లిన కథ నాకు అపురూపం. ఇలాంటి ఎపిసోడ్‌కు సమీక్షలో సగం చోటు ఆ పాత్రకే ఇవ్వాలి.

ఏ సీజనో తప్పక రాయండి. మొదటి సీజన్‌లో నాయకుడి పాత్ర వేసింది స్టీవెన్ హిల్, రెండో సీజన్ నుంచి పీటర్ గ్రేవ్స్. బృంద సభ్యులుగా నటించిన మార్టిన్ లాండౌ, బార్బరా బెయిన్ మూడు సీజన్ల తర్వాత వెళ్లిపోయారు. బృంద సభ్యుల సొంత జీవితాలు చూపించలేదని తప్పుపట్టకండి, అది కావాలని చేసిన ఎంపికే. నటనను రెండు పొరలుగా చూడాలి: నటి గూఢచారిగా, ఆ గూఢచారి మరొకరిగా. శత్రువు చూపు తిప్పుకున్న క్షణంలో, వరుసగా మూడు ఎమ్మీ టీవీ అవార్డులు అందుకున్న బెయిన్ ముఖాన్ని గమనించండి.

సెట్లు, కల్పిత దేశాల బోర్డుల మీద వింత భాష చూసి ఎగతాళి చేయడం తేలిక. అవి ఆ కాలపు టీవీలో కుదిరిన పరిష్కారాలు, వాటికి ఒక వాక్యం చాలు. లాలో షిఫ్రిన్ సంగీతానికి మాత్రం ఇంకాస్త చోటివ్వండి. ఆ ఐదు మాత్రల లయ ఏ సన్నివేశంలో వినిపించిందో, ఎక్కడ నిశ్శబ్దం వదిలారో రాయండి.

మరి కథ ఎంత చెప్పాలి? టేపులో వినిపించిన పని మొత్తం చెప్పవచ్చు. దాన్ని ఎలా సాధించారన్నది చెప్పక తప్పకపోతే, ముందే హెచ్చరించి సమీక్ష చివరి పేరాలో పెట్టండి.