గలాపగోస్ దీవులను చిన్న ఓడలో చూడాలంటే

ఈక్వెడార్ తీరానికి పడమరగా సుమారు 1000 కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న గలాపగోస్ దీవులకు ఓడ ప్రయాణం కుదుర్చుకునేవారు సాధారణంగా గదులు, భోజనశాల, ధర చూసి నిర్ణయం తీసుకుంటారు. వాటికన్నా ముందు చూడవలసింది ఆ ఓడ ఏ రోజు ఏ దీవి దగ్గర ఆగుతుందో తెలిపే పట్టిక. అక్కడి భూభాగంలో 97 శాతం జాతీయ ఉద్యానవనం కిందికే వస్తుంది కాబట్టి, ఓడల మార్గాలన్నీ ఉద్యానవన అధికారుల అనుమతితోనే ఖరారవుతాయి. ఓడ ఎక్కిన తరువాత మరో దీవి చూపించమని అడిగితే కుదరదు.

ఏ ప్రాణిని చూడాలని మీ మనసులో ఉందో దానినిబట్టి మార్గాన్ని ఎంచుకోండి. రెక్కలు కుంచించుకుపోయి ఎగరలేని నీటికాకులు ఫెర్నాండినా దీవిలోను, ఇసబెలా దీవి ఉత్తర, పశ్చిమ తీరాలలోను తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. సముద్రగర్భంలో పడమటి నుంచి వచ్చే చల్లని ప్రవాహం ఈ దీవులను ఢీకొని పైకి ఎగదన్నడంతో పోషకాలు ఉపరితలానికి చేరి చేపలు సమృద్ధిగా దొరుకుతాయి. భూమధ్యరేఖ మీద పెంగ్విన్లు బ్రతకగలుగుతున్నది కూడా ఆ చల్లని నీటి వల్లనే. అందుకే ఫెర్నాండినా, ఇసబెలా వైపు సాగే పడమటి మార్గం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. అల్బట్రాస్ పక్షులను చూడాలంటే ఏప్రిల్ నుంచి డిసెంబరు లోపల ఎస్పనోలా దీవికి వెళ్లే ఓడ కావాలి. ఎర్రకాళ్ల బూబీ పక్షుల పెద్ద స్థావరం ఈశాన్యంలోని జెనోవేసా దీవి.

ఇక ఓడ పరిమాణం. నూరుమందికి మించి ప్రయాణికులను తీసుకువెళ్లే ఓడలకు అక్కడ అనుమతి లేదు. ఒక్కో గైడు వెంట పదహారు మందికి మించి ఉండకూడదు. పదహారు మందికే సరిపోయే ఓడలో అందరూ ఒకే బృందంగా దిగుతారు కనుక నిరీక్షణ ఉండదు, గైడును తీరిగ్గా ప్రశ్నలు అడగవచ్చు. అయితే చిన్న ఓడకు ఊగిసలాట ఎక్కువ. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలోని గదిని అడిగి తీసుకోవాలి. వైద్యుణ్ణి సంప్రదించి, మందు ఓడ కదలకముందే వేసుకోవాలి. జనవరి నుంచి మే వరకు నీరు వెచ్చగా, సముద్రం కొంత శాంతంగా ఉంటుంది. జూన్ నుంచి నవంబరు వరకు గాలి, పొగమంచులాంటి సన్నని తుంపర, చల్లని నీరు ఎదురవుతాయి, ఈతకు వెట్‌సూట్ (చలి నుంచి కాపాడే రబ్బరు ఈతదుస్తు) అవసరమవుతుంది. కానీ సముద్రంలో ఆహారం పుష్కలంగా దొరికే కాలం అదే.

బయలుదేరే ముందు సామానులో విత్తనాలు, తాజా పండ్లు, మట్టి అంటిన బూట్లు లేకుండా చూసుకోండి. బయటి మొక్కలు, పురుగులు దీవుల్లోకి రాకుండా విమానాశ్రయంలోనే తనిఖీ చేస్తారు. 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దలకు ఉద్యానవన ప్రవేశ రుసుము 200 డాలర్లు. ఈక్వెడార్ ప్రధాన భూభాగంలోని కీటో లేదా గుయాకిల్ నగరానికి ఒక రోజు ముందుగానే చేరుకోవడం మంచిది, ఎందుకంటే దీవులకు వెళ్లే విమానం తప్పితే ఓడ మీకోసం ఆగదు. శాకాహారులు ఆ సంగతి టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి.

ఓడ నుంచి ఒడ్డుకు చిన్న రబ్బరు పడవలో తీసుకువెళతారు. కొన్నిచోట్ల రాతి మెట్ల మీద దిగుతారు, కొన్నిచోట్ల మోకాళ్ల లోతు నీటిలో దిగి నడవాలి. అందుకని తడిసినా పట్టు సడలని చెప్పులు, కెమెరాకు నీరు చొరని సంచి దగ్గర ఉంచుకోండి. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నావికుని అరచేతిని కాక మణికట్టును పట్టుకోవాలి.

ఈ దీవుల ప్రాణులు మనిషిని చూసి బెదరవు, కాబట్టి దూరం పాటించవలసిన బాధ్యత మనదే. కనీసం రెండు మీటర్ల ఎడం ఉండాలి. ఫ్లాష్ వాడకూడదు, ఆహారం పెట్టకూడదు, గుర్తులు పాతిన బాట దాటకూడదు. నల్లని లావా రాళ్ల మీద నల్లని సముద్ర ఇగ్వానాలు (పెద్ద బల్లుల జాతి) గుంపులుగా పడుకుని ఉంటాయి, అడుగు వేసే ముందు నేలను చూడండి. చల్లని నీటిలో నాచు మేసి వచ్చిన ఇగ్వానా ఎండలో ఒళ్లు కాచుకుంటేనే మళ్లీ చురుగ్గా కదలగలదు. ఫోటో కోసం దానిని కదిలించడం దాని ప్రాణావసరానికి అడ్డుపడడమే. సముద్రసింహపు పిల్ల తనంతట తానే మీ వైపు వస్తే, ముట్టుకోకుండా నెమ్మదిగా వెనక్కి జరగండి. తల్లి పిల్లను గొంతును, వాసనను బట్టి గుర్తుపడుతుంది.

ప్రయాణం ముగిశాక వీలైతే శాంతాక్రూజ్ దీవిలో ఒక రోజు అదనంగా ఉండండి. అక్కడి ఎత్తైన పచ్చిక ప్రాంతాల్లో పెద్ద తాబేళ్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. ప్యూర్టో అయోరా పట్టణంలో వాటి పిల్లలను పెంచే కేంద్రాన్ని కూడా చూడవచ్చు.