కాలేజీ రేసింగ్ టీమ్‌ని రెండో ఏడాది కూడా బతికించుకోవడం ఎలా

బగ్గీ, అంటే కాలేజీ పోటీలకి స్టూడెంట్లే కట్టుకునే చిన్న రేసు బండి, ఎలా కట్టాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి, అది నేను చెప్పను. కట్టిన టీమ్ మూతపడకుండా ఏం చేయాలో చెప్తా, ఎందుకంటే తిరుపతిలో మా టీమ్‌ని మూడేళ్లు నడిపి చేజేతులా ముంచుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ముందు ఫర్నిచర్ రో రేసింగ్ సంగతి తెలుసుకోండి. అమెరికాలో నాస్కార్ అని స్టాక్ కార్ల పందేలు జరుగుతాయి కదా, అందులో టీమ్‌లు దాదాపు అన్నీ నార్త్ కరోలినాలో షార్లెట్ చుట్టుపక్కలే ఉంటాయి. వీళ్లు మాత్రం ఎక్కడో కొలరాడోలో, డెన్వర్‌లో షాపు పెట్టారు. ఓనర్ బార్నీ విస్సర్ ఫర్నిచర్ వ్యాపారి, పేరు అక్కడి నుంచి వచ్చిందే. 2005లో మొదలుపెడితే మొదటి పెద్ద గెలుపు 2011లో డార్లింగ్టన్‌లో, డ్రైవర్ రీగన్ స్మిత్ చేతి మీదుగా. 2016లో టొయోటాకి మారి, జో గిబ్స్ రేసింగ్ అనే పెద్ద టీమ్‌తో టెక్నికల్ ఒప్పందం పెట్టుకున్నారు. ఇక చూడండి, ఆ ఏడాది కోకా-కోలా 600 రేసులో 400 ల్యాపులకి 392 ల్యాపులు వీళ్ల డ్రైవర్ మార్టిన్ ట్రూఎక్స్ జూనియరే ముందున్నాడు! 2017లో ఎనిమిది రేసులు గెలిచి ఛాంపియన్ అయ్యారు. 2018 సీజన్‌తో టీమ్ మూసేశారు.

ఛాంపియన్ టీమ్ ఏడాదిలో ఎలా పోతుంది అంటే, కారులో తేడా ఏమీ లేదు, లెక్కల్లో తేడా వచ్చింది. ప్రధాన స్పాన్సర్లలో ఒకటైన ఫైవ్ అవర్ ఎనర్జీ అనే ఎనర్జీ డ్రింక్ కంపెనీ తప్పుకుంటామంది, ఆ స్థానంలోకి ఎవరూ దొరకలేదు, అటు గిబ్స్ ఒప్పందం ఖర్చు పెరిగింది.

అందుకే నా మొదటి మాట: మీ బడ్జెట్‌లో మూడో వంతుకి మించి ఒక్కరి దగ్గరే తీసుకోకండి. మాకు ఒక షోరూమ్ ఆయన అరవై వేలు ఇస్తానని మాటిచ్చాడు, మేం ఎగిరి గంతేసి టీషర్టుల మీద ఆయన పేరు కూడా కొట్టించేశాం, తీరా పైపులు కొనే టైమ్‌కి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ టీషర్టులు తర్వాత బండి తుడవడానికి పనికొచ్చాయి. చిన్న కొట్లకి వెళ్లండి, టైర్ల షాపు, ప్రింటింగ్ ప్రెస్, బేకరీ, ఎవరైనా సరే. ఇంకో కిటుకు, డబ్బులడిగితే "చూద్దాంలే తమ్ముడూ" అంటారు, అదే వస్తువు అడిగితే ఇస్తారు. రెండు లెంగ్తుల పైపు, డబ్బా పెయింటు, ఒక పూట లేత్ పని.

రెండోది, పని మీ చేతిలో ఉండాలి. వెల్డింగ్ బయట చేయించుకోండి, తప్పులేదు, కానీ జిగ్ (వెల్డింగ్ అయ్యేదాకా పైపుల్ని కొలత ప్రకారం పట్టి ఉంచే చట్రం), డ్రాయింగ్ రెండూ మీ సొంతం అయి ఉండాలి. మేం మొదటి ఏడాది రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకి రోల్ కేజ్, అదే బండి పల్టీ కొడితే డ్రైవర్‌ని కాపాడే పైపుల పంజరం, మొత్తం అప్పజెప్పాం. రెండో ఏడాది వెళ్తే మేస్త్రీ తల గోక్కుంటూ "కొలతలు యాడబెట్టినానో గుర్తులేదబ్బా" అన్నాడు. ఆయన్ని ఏమనగలం, కాగితం మా దగ్గర ఉండాల్సింది.

అసలు దెబ్బ బ్రేకుల దగ్గర తగిలింది. బాహా లాంటి పోటీల్లో బ్రేక్ టెస్ట్‌లో నాలుగు చక్రాలూ లాక్ కావాలి, లేదంటే బండి ట్రాక్ ఎక్కదు. మా టీమ్‌లో బ్రేకులు బ్లీడ్ చేయడం, అంటే బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి బయటికి తీయడం, ఒక్క సీనియర్ అన్నకే వచ్చు, ఆయన పాసై వెళ్లిపోయాడు. పెడల్ స్పంజిలా దిగిపోతుంటే మేం ప్యాడ్లు మార్చుకుంటూ కూర్చున్నాం. లోపల ఉన్నది గాలి! పని చూస్తే చిన్నదే. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. బ్లీడ్ నట్టుకి సెలైన్ ట్యూబు తగిలించి, రెండో కొస కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. ఒకడు పెడల్ నొక్కి పట్టుకుంటే ఇంకొకడు నట్టు పావు చుట్టు వదులు చేస్తాడు, ట్యూబులో బుడగలు వరసగా పోతాయి, నట్టు బిగించి "ఊ" అన్నాకే పెడల్ దగ్గరున్నవాడు కాలు తీయాలి. ముందే తీశాడా, గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది, మొదటికొస్తుంది. బుడగలు ఆగేదాకా ఇదే, మధ్యమధ్యలో పైన డబ్బాలో ఆయిల్ తగ్గకుండా చూసుకోండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, తినేస్తుంది. ఈ పని ప్రతి ఏడాది సెకండియర్ వాళ్ల చేతే చేయించండి, సీనియర్ పక్కన నిలబడి నోటితో మాత్రమే చెప్పాలి. చేతులు పెట్టనివ్వకండి, ఆగలేరు వాళ్లు.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి నడపలేం. విస్సర్ ఏం చేశాడంటే, పోటీలో నిలవాలంటే అప్పు చేయాలి, అది నేను చేయను అని 2018 సెప్టెంబరులోనే చెప్పేసి, సీజన్ మాత్రం చివరిదాకా ఆడించాడు. చివరి రేసులో ట్రూఎక్స్ రెండో స్థానంలో వచ్చాడు, టైటిల్ వేరే టీమ్ డ్రైవర్ జోయీ లొగానోకి పోయింది. ముందే చెప్పడంతో షాపులో వాళ్లకి వేరే పని వెతుక్కునే టైమ్ దొరికింది. ప్రతి రేసులో చోటు ఖాయం చేసే వీళ్ల చార్టర్‌ని స్పైర్ మోటార్‌స్పోర్ట్స్ అనే టీమ్ కొనుక్కుంది, మరుసటి ఏడాదే డేటోనాలో వాన పడి ఆగిపోయిన రేసు గెలిచేసింది కూడా.

మేం అలా చెప్పలేదు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టేశాక, జూనియర్లు ఇంట్లో అడిగి తలా మూడు వేలు తెచ్చి ఇచ్చాక, అప్పుడు చేతులెత్తేశాం. మీకు అనుమానం ఉంటే ఫీజు కట్టే ముందు రోజే అందర్నీ కూర్చోబెట్టి లెక్కల పుస్తకం తెరవండి. మానేద్దాం అనుకుంటే జిగ్, టూల్స్, డ్రాయింగుల ఫైలు వర్క్‌షాప్ ఇన్‌చార్జి సార్‌కి సంతకం పెట్టించుకుని అప్పజెప్పండి.